ఉప్పు చూసే మనిషి

"...పదిన్నరకు కాఫీ తాగి, ఒంటిగంటకు పెరుగన్నం తిని, దాన్ని ఒక్కపొద్దు అంటే ఎవరు ఒప్పుకుంటారు సామ్యులన్నా?"

"పెరుగన్నం ఎవరు తిన్నారప్పా? నిన్న నేను తిన్నది ఇడ్లీ. అదీ రెండే."

"అట్లయితే రెండు ఇడ్లీల ఒక్కపొద్దు."

"నవ్వు బాయి, నవ్వు. మాది నోటితో ఉండే ఒక్కపొద్దు కాదు. మనసుతో ఉండేది."

"మనసుకు ఆకలేస్తాదా?"

ఉల్లిపాయలు ఒలుస్తున్న భారతమ్మ పకపకా నవ్వింది. సామ్యుల్ షేర్ ఆటోలోంచి కొబ్బరికాయల గోతం దించి, గట్టిగానే కింద పెట్టాడు. కలీముల్లా బాయి గరిటె ఆపకుండా తిప్పుతూనే ఉన్నాడు. నిలువెత్తు కట్టెగరిటె అది. పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు తాగని మనిషి పొయ్యి ముందు నిలబడి అంత ఓపికగా ఎగతాళి చేయగలగడం భారతమ్మకు ఏటా వింతే.

సామ్యుల్ భార్య తంగమ్మ కొళాయి దగ్గర కూర్చుని పెసరపప్పు కడుగుతోంది. మామూలుగా అయితే మొగుడి తరఫున ఒక మాట, బాయి తరఫున ఒక మాట వేసి తగువు ఇంకాస్త పెంచేది. ఈసారి తల ఎత్తలేదు.

అది వేలూరు దగ్గరి గుడియాత్తంలో బజారు వెనక మసీదు. దాని పెరట్లో రేకుల షెడ్డు. రంజాన్ నెల ముప్పై రోజులూ ఆ షెడ్డులో నోంబు కంజి కాస్తారు. పచ్చిబియ్యపు నూక, పెసరపప్పు, మెంతులు, అల్లం, వెల్లుల్లి, పుదీనా వేసి గంటలకొద్దీ ఉడికించి, చివర కొబ్బరిపాలు పోసి దించే జావ. పొద్దు వాలేలోపల నాలుగు వందల ఇళ్లకు క్యాన్లలో, టిఫిన్ క్యారియర్లలో వెళుతుంది. తీసుకుపోయేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. అందుకే కలీముల్లా తండ్రి కాలం నుంచి ఇక్కడి కంజిలో మాంసం వెయ్యరు.

ఆ కంజికి ఒక చిక్కుంది. కాసేవాళ్లంతా ఒక్కపొద్దు ఉన్నవాళ్లు. ఉప్పు చాలిందో లేదో నోట్లో వేసుకుని చూసేవాడు లేడు.

ఇరవై రెండేళ్ల కిందట తంగమ్మ అక్కడికి ఉల్లిపాయలు కోయడానికి వచ్చింది. మొదటిరోజు కలీముల్లా తండ్రి, అందరూ పెద్దబాయి అనే ఆయన, పనిలో ఉన్న నలుగురు ఆడవాళ్లకు తలా ఒక గరిటె ఇచ్చి ఎట్లా ఉందని అడిగాడు. ముగ్గురు బాగుందన్నారు. తంగమ్మ కొంచెం ఆలోచించి, "ఉప్పు లేదు పెద్దబాయి. మెంతులు కూడా మాడినాయి" అంది. ముగ్గురూ ఆమెను గిల్లినంత పని చేశారు. పెద్దబాయి మాత్రం ఉప్పు చిప్ప ఆమె చేతికిచ్చి, "ఇంకెంత పడాలో నువ్వే వెయ్యమ్మా" అన్నాడు. మరుసటి రోజు నుంచి ఇంకెవరినీ అడగలేదు. ఆయన పోయాక కొడుకూ అడగలేదు.

తంగమ్మ ఆ పనిని పని అనుకోలేదు గానీ, పనికంటే జాగ్రత్తగా చేసింది. అగ్గిపెట్టెల కంపెనీలో రంజాన్ నెలంతా పొద్దుటి వంతు అడిగి తీసుకునేది. మూడు గంటలకల్లా షెడ్డులో ఉండేది. జ్వరం వచ్చినా వచ్చింది, మాత్ర మాత్రం ఉప్పు చూసిన తర్వాతే వేసుకుంది, నాలుక చేదవుతుందని. వేడిమీద సరిపోయిన ఉప్పు చల్లారి చిక్కబడితే ఎక్కువవుతుందని కనిపెట్టింది. అందుకని గిన్నె పైనుంచి కొంచెం, అడుగు నుంచి కొంచెం తీసి, ఎడమ అరచేతిలో వేసుకుని, ఊది, చల్లార్చి చూసేది. చూసేటప్పుడు గోడవైపు తిరిగేది. ఆకలితో, దాహంతో నిలబడిన మనుషుల ఎదుట నోరు ఆడించడం ఆమెకు చేతకాలేదు. ఇట్లా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే అది ఆ షెడ్డుకు ఆచారమైపోయింది. తంగమ్మ గోడవైపు తిరిగితే గరిటె ఆగుతుంది, మాటలు ఆగుతాయి. ఆమె ఇటు తిరిగి "సరిపోయిండాది" అన్నాక మళ్లీ మొదలవుతాయి.

రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ పోతుంది. ఈ ఇరవై రెండేళ్లలో ఆమె దాన్ని వానల్లో చూసింది, ఆషాఢపు గాలుల్లో చూసింది, వైశాఖపు కత్తిరి ఎండల్లో చూసింది. ఆ ఎండల్లో కలీముల్లా బాయి పొయ్యి ముందు నిలబడితే చెమట కూడా రాకుండా ఎండిపోయేది. పక్కనే కుండ నిండా నీళ్లు. అటు చూసేవాడు కూడా కాదు. ఈస్టర్‌కు ముందు వచ్చే క్రైస్తవుల శ్రమదినాలు అట్లా తిరగవు. ఎప్పుడూ తమిళుల మాసి, పంగుణి నెలల్లోనే, ఎండలు ముదిరేలోపలే వచ్చి పోతాయి. నలబై రోజులంటారు. అయితే తంగమ్మ వీధిలో ఆ నలబై రోజులూ ఎవరికి తోచినట్టు వాళ్లు గడుపుతారు. ఒకరు కూర మానేస్తారు, ఒకరు కాఫీ మానేస్తారు, ఒకరు శుక్రవారం ఒకపూట మానేస్తారు. తంగమ్మ ఇన్నేళ్లూ చేసింది పొద్దుటి టీ మానడం, అంతే.

ఈ ఏడాది శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం అయిన మరునాడే రంజాన్ మొదటి ఒక్కపొద్దు వచ్చింది. బుధవారం చర్చిలో నుదుట బూడిద పెట్టించుకుని వస్తూ తంగమ్మ ఒకటి అనుకుంది. మనవాళ్ల నలబై రోజులు ఈసారి బాయివాళ్లు ఉన్నట్టు ఉంటాను. పొద్దు పుట్టకముందు నుంచి పొద్దు వాలేదాకా, నీళ్లు కూడా లేకుండా. ఎవరికీ చెప్పను.

ఎవరికీ చెప్పకూడదన్నది ఆమెకు తల్లి నుంచి వచ్చింది. తల్లిది పొన్నై ఊరు. వేరుశెనగ చేలల్లో కూలికి పోయేది. శ్రమదినాల్లో తలకు నూనె రాసుకుని, మొహం కడుక్కుని, అందరికంటే శుభ్రంగా పనికి పోయేది. ఆమె చనిపోయినరోజు రైతు భార్య వచ్చి చెప్పింది. మధ్యాహ్నం పెట్టిన సంగటి ముద్ద నలబై రోజులూ గుడ్డలో కట్టుకుని ఇంటికి తీసుకుపోయేదట. పిల్లల కోసం దాచిందనుకుందట రైతు భార్య. పొద్దుగూకి వచ్చే ఆ సంగటి తాను తిన్నది తంగమ్మకు గుర్తుంది. తల్లి పొద్దు వాలేదాకా ఏమీ ముట్టేది కాదన్న సంగతి మాత్రం అప్పుడే తెలిసింది. ఇప్పుడు తంగమ్మకు తల్లి పోయినప్పటి వయసు వచ్చింది.

ఉప్పు సంగతి ఆమెకు బుధవారం తట్టలేదు. గురువారం మూడు గంటలకు షెడ్డులో అడుగుపెట్టి, పప్పు కడగడానికి కూర్చున్నాక తట్టింది. అందుకే తల ఎత్తలేదు.

నాలుగయింది. కలీముల్లా గరిటె ఆపి, "రా అక్కా" అన్నాడు.

కంజి అరచేతిలో వేసుకుని తంగమ్మ గోడవైపు తిరిగింది. చూడనంటే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెబితే అది తల్లి ఉన్నట్టు దాచుకున్న ఒక్కపొద్దు కాదు. చూస్తే అసలు ఒక్కపొద్దే కాదు. చెయ్యి పెదవుల దాకా పోయి ఆగింది. మంచి వాసన వచ్చింది. ఇరవై రెండేళ్లుగా అదే గిన్నె, అదే నూక, అదే కొబ్బరిచిప్పతో తొమ్మిది చిప్పల కల్లుప్పు. తప్పేదేముంటుంది? తొట్టి దగ్గర చెయ్యి కడుక్కుని, ఇటు తిరిగి, "సరిపోయిండాది" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఒక్కతే కూర్చుంది. సామ్యుల్ ఆటో తిప్పుకుని ఎనిమిదికి గానీ రాడు. పొద్దు వాలిందని మసీదు సైరన్ మోగింది. ఆమె కోసం మోగింది కాదది. అయినా దాని తర్వాతే కంజి గ్లాసు ఎత్తింది. ఉప్పు సరిగ్గానే ఉన్నట్టుంది. కాకపోతే పగలంతా ఎండిన నాలుక మీద ఒక చిన్న పోటు. అది తన నోరేలే అనుకుంది.

వీధి అవతల ఇళ్లలో పళ్లేల చప్పుడు, పిల్లల అరుపులు వినిపించాయి. తెల్లవారుజామున నాలుగింటికి కూడా అట్లాగే వినిపించాయి. ఒకరినొకరు లేపుకుంటూ, తినండి తినండి అంటూ. వాళ్ల ఆకలికి తోడుంది. పొద్దు చూసి చాలు, ఇక తిను అని చెప్పే గొంతుంది. తన దానికి ఏమీ లేదు. మొదలుపెట్టిందీ తనే, తెలిసిందీ తనకే. కంపెనీలో పక్కన కూర్చునే జయకు అన్నం డబ్బా ఇచ్చేసి, కడుపు బాగాలేదని చెప్పింది. శుక్రవారమూ అదే చెప్పింది. షెడ్డులో శుక్రవారమూ చెయ్యి పెదవుల దాకా పోయి వచ్చింది.

శనివారం కల్లుప్పు అయిపోయింది. బజారులో కొట్టు పెట్టుకున్న ధనపాల్ పొడి ఉప్పు ప్యాకెట్లు తెచ్చి ఇచ్చాడు. "కల్లుప్పు మూట సోమవారం వస్తాది బాయి. అందాకా దీంతో సరిపెట్టుకో. ఉప్పు ఉప్పే కదా" అన్నాడు.

కలీముల్లా తొమ్మిది చిప్పలు పోశాడు. పోసి, కాసేపు గిన్నెలోకి చూశాడు.

"పొడుప్పు అక్కా. చిప్పలో ఎక్కువ పడుతుందేమో. కొంచెం బాగా చూడు" అన్నాడు.

తంగమ్మ గోడవైపు తిరిగింది. మూడోరోజు. నాలుక అంగిటికి అతుక్కుని ఉంది. పొద్దున కంపెనీలో ఒకసారి కళ్లు తిరిగాయి. ఇంకా రెండున్నర గంటలు ఉంటే మూడు రోజులు పూర్తవుతాయి. అరచేతిలో కంజి చల్లారింది. చూడమని ఆయన అడిగాడు, మామూలుగా కాదు, విడిగా అడిగాడు. ఆమె వాసన చూసింది. బొటనవేలితో నలిపింది. అది ఉప్పు ఎంతో చెబుతుందా అని తనను తాను అడగలేదు.

"సరిపోయిండాది బాయి. ఇంకేం వెయ్యొద్దు" అంది.

సైరన్ మోగాక ఇంట్లో మొదటి గుక్క నోట్లో పోసుకుని మింగలేకపోయింది. సముద్రపు నీళ్లలా ఉంది. గ్లాసు కింద పెట్టి అట్లాగే కూర్చుంది. అవతల ఇళ్లలో పళ్లేల చప్పుడు వినిపించింది గానీ, మామూలుగా వచ్చే మాటలు రాలేదు. రాలేదని ఆమెకు అనిపించిందేమో కూడా. నాలుగు వందల ఇళ్లు. పొద్దంతా నీళ్లు లేని నోళ్లు.

ఆదివారం సామ్యుల్, తంగమ్మ వేలూరు పోయి, చర్చి అయ్యాక సత్తువాచారిలో కూతురు సుగంతి ఇంటికి వెళ్లారు. ఆదివారాలు శ్రమదినాల లెక్కలోకి రావు. సుగంతి దోసెలు పోసి పెట్టింది. తల్లి ఐదోది తింటుంటే నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"యాడనుంచి వస్తా ఉండావు మా, ఇంత ఆకలితో?"

"గుడియాత్తం నుంచే." తంగమ్మ పచ్చడి అద్దుకుంది. "పాపా, మనలో ఒక్కపొద్దు నడిమధ్యలో పోతే ఏమి సేయాల?"

"ఏమీ లేదు. మనకు అట్లాంటి చట్టం యాడుండాది? చర్చి అయ్యగారు ఏమన్నా పోలీసా?"

"బాయి వాళ్లకు అయితే ఇంకో దినం పెట్టుకోవచ్చు. జ్వరమొచ్చినా, ఊరికిపోయినా, పండగ అయినాక ఎన్ని పోతే అన్ని తిరిగి ఉంటారు."

"అది వాళ్లకు మా. మనకు దేవుణ్ణి ఒక మాట అడుక్కుంటే సరి." సుగంతి అట్లకాడతో ఇటు తిరిగింది. "నువ్వు ఒక్కపొద్దా ఏంది?"

"దోసె మాడతాది చూడు" అంది తంగమ్మ.

తిరుగుదారిలో సామ్యుల్ ఏదో చెబుతూ ఆటో నడిపాడు. విరించిపురం దాటాక ఆమె వినడం లేదని తెలిసి ఊరుకున్నాడు.

షెడ్డులోకి వచ్చేసరికి మూడున్నర. కలీముల్లా పొయ్యి దగ్గర ఉన్నాడు. పలకరించాడు, అంతే. భారతమ్మ ఆమెను ఉల్లిపాయల దగ్గరికి లాక్కుపోయి గొంతు తగ్గించింది.

"నిన్న కంజి నోట పెట్టలేకపోయినారంట. అయినా పారబొయ్యలేదు. నోంబు కంజి పారబొయ్యకూడదని కాగిన సుడునీళ్లు కలుపుకొని తాగినారంట. రాత్రే మసీదు కమిటీవాళ్లు బాయిని పిలిపించినారు."

"ఏమన్నారు?"

"వాళ్లేమన్నారో గాని, ఈయన ఏమన్నాడో తెలుసునా? తంగమ్మక్క చూసి సరిపోయిందనింది, ఆమె పోయినాక నేనే మతిమరుపులో ఇంకో రెండు చిప్పలు ఏసినాను అన్నాడంట. నువ్వు పోయినాక నేను ఈడే ఉండాను తంగమ్మా. ఆయప్ప ఒక పలుకు ఉప్పు కూడా ముట్టలేదు."

తంగమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. పొగ కళ్లలోకి వస్తున్నా పక్కకు జరగలేదు.

"ఒక్కపొద్దు నోటితో అబద్ధం ఎందుకు చెప్పినావు బాయి?"

కలీముల్లా గరిటె తిప్పుతూనే, "నువ్వు చెప్పలేదా అక్కా?" అన్నాడు.

ఆమె వంగి, బయటికొచ్చిన కట్టెను పొయ్యిలోకి తోసింది.

"గురువారమే చూసినాను. నువ్వు చెయ్యి కడుక్కుంటే తొట్టిలో కంజి పడినాది. చేతిలోది చేతిలోనే ఉండాది అని తెలిసిపోయింది. భస్మ బుధవారం మరునాడు కదా, ఎందుకో కూడా తెలిసింది."

"తెలిసీ అడగలేదే?"

"ఒక్కపొద్దు దాచుకున్నవాళ్లను అడగకూడదని మా నాయన చెప్పేవాడు. అడిగితే రెండూ పోతాయి, వాళ్ల ఒక్కపొద్దూ పోతాది, మన మర్యాదా పోతాది అని." గరిటె ఆపాడు. "కమిటీ ముందు చెప్పింది అంతా అబద్ధం కాదులే అక్కా. పొడుప్పు అని నాకు తెలుసు. నువ్వు నోట పెట్టుకోవని తెలుసు. వంట చేసేవాడు నాలుక కొసన తాకించుకొని ఊసేస్తే మా ఒక్కపొద్దు చెడదు అని మసీదు హజరత్ ఎప్పుడో చెప్పినారు. మా నాయన ఒకనాడూ చెయ్యలేదు. నాకూ చెయ్యబుద్ధి కాలేదు. నీ ఒక్కపొద్దు నువ్వు కాపాడుకున్నావు, నా ఒక్కపొద్దు నేను కాపాడుకున్నాను. ఆ ఉప్పు తాగినోళ్లు ఆ ఇళ్లవాళ్లు."

నాలుగయింది. ఆదివారం కాబట్టి ఈ రోజు అడ్డమేమీ లేదు. తంగమ్మ గిన్నె పైనుంచి కొంచెం, అడుగు నుంచి కొంచెం తీసుకుని, గోడవైపు తిరిగి, ఊది, నాలుక మీద వేసుకుంది. కలీముల్లా పొడుప్పు తగ్గించి వేసినట్టున్నాడు. తన ఇరవై రెండేళ్ల లెక్క ప్రకారం ఉప్పు సరిగ్గా ఉంది. గురువారం సాయంత్రం ఎండిన నోటికి తగిలిన పోటు గుర్తొచ్చింది. శుక్రవారం కూడా తగిలింది.

ఇటు తిరిగి, "ఇంకో రెండు బిందెల నీళ్లు, ఒక కొబ్బరికాయ పాలు పొయ్యాల. రేపట్నుంచి కల్లుప్పు ఎనిమిదిన్నర చిప్పలే" అంది. "ఇన్నేళ్లూ కొంచెం ఎక్కువే పడిండాది బాయి. కడుపు నిండినోళ్ల నోటికి సరిపోయేట్టు చూసినాను నేను."

"తెలుసు అక్కా."

"తెలుసునా?"

"అందరికీ తెలుసు. మా నాయనకూ తెలుసు."

"ఎవరూ ఒక మాట చెప్పలేదే?"

"ఏమని చెప్పేది? ఒకామె తన పని వదులుకొని వచ్చి, గోడతట్టు తిరిగి మనకోసం చూస్తా ఉండాది. ఉప్పు ఒక పలుకు ఎక్కువని ఆయమ్మకు చెప్పేదా?"

భారతమ్మ కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలు అయిపోయి చాలాసేపయింది. సామ్యుల్ కొబ్బరికాయలు పట్టుకుని వచ్చి, భారతమ్మ కళ్లు చూసి గుమ్మంలోనే నిలబడ్డాడు.

కలీముల్లా అతన్ని చూశాడు. నవ్వలేదు. "మొన్న నీతో ఆడుకొన్నాను సామ్యులన్నా. మీ ఇంట్లో నాకంటే గట్టి ఒక్కపొద్దు ఉండాదని అప్పటికి తెలీదు. తెలిసినా, నువ్వు దొరికితే ఊరుకోబుద్ధి కాదు" అన్నాడు. తర్వాత తంగమ్మవైపు తిరిగాడు. "నీ నలబై దినాలు నువ్వు ఉండు అక్కా. రేపట్నుంచి నేనే నాలుక కొసన తాకించుకొని చూస్తాను. నాయన చెయ్యకపోతే ఏమి, హజరత్ చెప్పిందే కదా."

"ఎవరి ఒక్కపొద్దు? ఎవరి నలబై దినాలు?" అన్నాడు సామ్యుల్.

తంగమ్మ గిన్నె మీది మూత సరిచేసింది. చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. పొయ్యి పక్కన నిలబడి, షెడ్డులో అందరికీ వినబడేట్టు చెప్పింది.

"నువ్వేం తాకించుకోవద్దు బాయి. నేనే మింగి చూస్తాను. ఈ నెలంతా నాలుగు గంటలకు నా ఒక్కపొద్దు ఈ గిన్నె దగ్గరే అయిపోతాది. ఈస్టర్ అయినాక, ఎన్ని దినాలు పోయినాయో అన్ని దినాలు తిరిగి పెట్టుకుంటాను, మీరు పెట్టుకున్నట్టే."